గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా: ఉపగ్రహ డేటా ఖాతాను కాపాడుకోవడం, లెక్కను సరిచూసుకోవడం ఎలా

ఈ ఆంధ్ర–ఒడిశా సరిహద్దు జిల్లాల్లో రైతు సంఘాల కుర్రాళ్లు, కాలేజీ విద్యార్థులు, స్వచ్ఛంద సంస్థలవాళ్లు ఉపగ్రహ చిత్రాలతో పంట పరిస్థితి చూడటం మొదలుపెడితే సాధారణంగా రెండు చోట్ల దెబ్బ తింటారు. పదిమందీ ఒకే పాస్‌వర్డ్ వాడుకుని, ఏ ఫైలు ఎవరు దించారో తెలియకుండా పోవడం ఒకటి. తెరమీద రంగు బాగుంది కాబట్టి అంకె కూడా సరైనదే అనుకోవడం రెండోది. ఈ రెంటినీ విడివిడి పనులుగా చూడకండి. ఒక చేనుకు నష్టం ఇంత అని మీరు కాగితం మీద రాస్తే, ఏ చిత్రం, ఏ తేదీది, ఎవరు దించారు, ఏ లెక్క కట్టారు అని రైతు అడగవచ్చు. దానికి జవాబు మీ దగ్గర ఉండాలి. కింద చెప్పేదంతా ఆ జవాబు కోసమే.

ఉదాహరణలన్నీ యూరప్ వారి సెంటినెల్–2 ఉపగ్రహాలవి, వాటి డేటా ఉచితంగా దొరికే కోపర్నికస్ డేటా స్పేస్ వేదికవి. మన జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం (ఎన్‌ఆర్‌ఎస్‌సీ) నడిపే భూనిధి వేదికలో రిసోర్స్‌శాట్ చిత్రాలు దొరుకుతాయి. లిస్–3 కెమెరాదైతే ఒక్కో పిక్సెల్ 23.5 మీటర్లు, ఏవిఫ్స్ కెమెరాదైతే 56 మీటర్లు. దానికి ఖాతా వేరు, జాగ్రత్తలు మాత్రం ఇవే.

మనిషికో ఖాతా

ఖాతా ఉచితం కాబట్టి ఒక్కటే తీసుకుని అందరూ పంచుకోవాల్సిన అవసరం లేదు. పంచుకుంటే ఇబ్బంది కూడా. వేదిక ఒక ఖాతాకు ఒకేసారి కొన్ని కనెక్షన్లే ఇస్తుంది, నెలకు ఇంత అని పరిమితి కూడా పెడుతుంది. రాయగడలో ఒకరు, గుణుపురంలో ఇద్దరు ఒకే ఖాతాతో దించుతుంటే మూడోవాళ్లకు 429 అనే ఎర్రర్ వస్తుంది. దానర్థం ‘అడగడం ఎక్కువైంది, ఆగండి’ అని. అది తెలియక మళ్లీ మళ్లీ నొక్కితే ఆగాల్సిన సమయం ఇంకా పెరుగుతుంది.

పాస్‌వర్డ్‌గా సంబంధంలేని నాలుగైదు తెలుగు మాటలను ఇంగ్లిషు అక్షరాల్లో కలిపి రాసుకోండి. పొడవుగా ఉండటమే దాని బలం. ఊరిపేరు, ఉపగ్రహం పేరు, సంవత్సరం కలిపితే ఎవరైనా ఊహించేస్తారు. ఆ తర్వాత రెండో తాళం, అంటే టూ ఫ్యాక్టర్, ఆన్ చేయండి. ఇక్కడ ఎస్ఎంఎస్ ఓటీపీ కంటే అథెంటికేటర్ యాప్ నయం. కొండ పక్క ఊళ్లలో సిగ్నల్ వచ్చిపోతూ ఉంటుంది కాబట్టి మెసేజ్ ఆలస్యమై ఓటీపీ గడువు దాటిపోతుంది. యాప్‌కు నెట్‌వర్క్ అక్కర్లేదు, ఫోన్ గడియారం సరిగ్గా ఉంటే చాలు. కోడ్ 30 సెకన్లకోసారి మారుతుంది కాబట్టి గడియారం ఒకటి రెండు నిమిషాలు అటూఇటూ అయితే కోడ్ చెల్లదు. ఫోన్ సెట్టింగుల్లో తేదీ, సమయం ‘ఆటోమేటిక్’లో పెట్టండి. రికవరీ కోడ్‌లను కాగితం మీద రాసి పాసుపుస్తకాలు దాచేచోట పెట్టండి. ఫోన్ చెరువులో పడితే పనికొచ్చేవి అవే.

నెట్ సెంటర్ కంప్యూటర్‌లో లాగిన్ కావాల్సివస్తే ప్రైవేట్ విండోలోనే తెరవండి. బ్రౌజర్ ‘పాస్‌వర్డ్ దాచమంటారా’ అని అడిగితే వద్దనండి. పని కాగానే లాగౌట్ అవ్వండి, విండో మూసేస్తే సరిపోదు. దించిన ఫైళ్లు డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లో అలాగే ఉంటాయి. ఉపగ్రహ చిత్రం ఉండిపోతే నష్టం లేదు గానీ రైతుల జాబితా మాత్రం ఉండిపోకూడదు.

మీ సొంత మ్యాపులు, పొలాల హద్దులు దాచుకునే డ్రైవ్‌లో అందరికీ అన్ని హక్కులూ ఇవ్వవద్దు. చూసేవాళ్లకు చూసే హక్కు, హద్దులు గీసేవాళ్లకు ఆ ఒక్క ఫోల్డర్‌లో మార్చే హక్కు చాలు. అందరి హక్కులూ నిర్ణయించే పని ఇద్దరి చేతిలో ఉంచండి. ఒక్కరే ఉంటే ఆ మనిషి పెళ్లికో ఆసుపత్రికో వెళ్లినరోజు పని ఆగిపోతుంది, ముగ్గురు నలుగురైతే ఎవరేం మార్చారో తేలదు. ఎవరైనా పని మానేస్తే ఆ సాయంత్రమే వాళ్ల హక్కు తీసేయండి. ఇది అనుమానించడం కాదు. వాళ్ల పాత ఫోన్ రేపు ఎవరి చేతిలోకి వెళ్తుందో వాళ్లకే తెలియదు.

టోకెన్, కీ: ఏది ఎక్కడ పెట్టాలి

ప్రోగ్రాంతో దించేటప్పుడు పాస్‌వర్డ్ ఇచ్చి టోకెన్, అంటే కొద్దిసేపు చెల్లే ప్రవేశ చీటీ లాంటి కోడ్, తీసుకుంటారు. ఆ టోకెన్ కొద్ది నిమిషాలే పనిచేస్తుంది. ఎన్ని సెకన్లో జవాబులోనే ‘ఎక్స్‌పైర్స్ ఇన్’ అనే గడిలో ఉంటుంది, ఆ అంకె చదివి ప్రోగ్రాం రాయండి. ఒక పూర్తి టైలు, అంటే చిత్రాలను కోసి ఇచ్చే చదరపు ముక్క, దాని ఫైలు సుమారు 1 జీబీ. మీ లైను వేగం 2 ఎంబీపీఎస్ అనుకుంటే ఒక్క ఫైలుకే గంట దాటుతుంది. మధ్యలో కరెంటు పోయి మళ్లీ మొదలుపెట్టేసరికి పాత టోకెన్ చచ్చిపోయి 401 వస్తుంది. కాబట్టి ప్రతి ఫైలుకు ముందు, ప్రతిసారి తిరిగి ప్రయత్నించే ముందు కొత్త టోకెన్ తీసుకునేలా రాయాలి. 403 వస్తే సంగతి వేరు. టోకెన్ బాగానే ఉంది, ఆ వస్తువు మీద మీకు హక్కు లేదని అర్థం.

టోకెన్ కొత్తదే అయినా 401 వస్తుంటే దారి మళ్లింపును అనుమానించండి. కేటలాగ్, అంటే చిత్రాల జాబితా, దాని చిరునామా మిమ్మల్ని డౌన్‌లోడ్ సర్వర్‌కు మళ్లిస్తుంది. చాలా ప్రోగ్రాములు భద్రత కోసం, వేరే సర్వర్‌కు వెళ్లేటప్పుడు టోకెన్‌ను వెంట తీసుకెళ్లవు. అది మంచి అలవాటే. దాన్ని గుడ్డిగా ఆపేయకుండా, మళ్లించిన చిరునామా కోపర్నికస్‌దేనా అని చూసి, నేరుగా ఆ డౌన్‌లోడ్ చిరునామాకే టోకెన్ పంపండి.

ఎస్3 కీలు (ఫైళ్లను విడివిడిగా తెచ్చుకునే దారికి తాళంచెవులు), ఓఆత్ క్లయింట్ రహస్యాలు (మీ ప్రోగ్రాం తనే లాగిన్ అయ్యే కోడ్‌లు) వేరు రకం. ఇవి నెలల తరబడి పనిచేస్తాయి. తయారుచేసినప్పుడు రహస్య భాగం ఒక్కసారే కనిపిస్తుంది. అప్పుడే పాస్‌వర్డ్ మేనేజర్‌లో పెట్టుకోండి, గడువు తేదీ తప్పక పెట్టండి. ఖరీఫ్ పనికైతే జూన్‌లో తీసి డిసెంబరు చివరికి ముగిసేలా పెడితే చాలు. కీని ప్రోగ్రాం లోపల రాయకండి. వేరే ఫైల్లో పెట్టి, దాన్ని గిట్ (ప్రోగ్రాం మార్పులన్నీ దాచిపెట్టే సాధనం) పట్టించుకోకుండా చేసి, ప్రోగ్రాం అక్కడినుంచి చదివేలా చూడండి. ప్రోగ్రాం, దాని ఫలితం ఒకేచోట కనిపించే నోట్‌బుక్ ఫైల్లో టోకెన్‌ను ప్రింట్ చేసి చూసే అలవాటుంటే, ఎవరికైనా పంపేముందు అవుట్‌పుట్‌లన్నీ తుడిచేయండి.

కీ వాట్సాప్ గ్రూపులోకో గిట్‌లోకో జారిపోతే వరస ముఖ్యం. ముందు వేదికలోకి వెళ్లి ఆ కీని రద్దు చేయండి. తర్వాత కొత్తది తీసుకోండి. ఆ తర్వాత వాడకం లెక్క చూసి, మీకు తెలియని దిగుమతులేమైనా ఉన్నాయేమో గమనించండి. మెసేజ్ తుడవడం ఆఖరి పని. చాలామంది మొదట మెసేజ్ తుడిచి అక్కడితో ఆగిపోతారు. గిట్‌లోనైతే తర్వాతి కమిట్‌లో తీసేసినా పాత కమిట్‌లో కీ అలాగే ఉంటుంది.

ఫైలు పూర్తిగా వచ్చిందా

మొదట సైజు చూడండి. జిప్ అనే తోకతో 2 కేబీ ఫైలు వచ్చిందంటే అది చిత్రం కాదు. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ‘టోకెన్ గడువు ముగిసింది’ అనే ఎర్రర్ మాటే ఉంటుంది. ప్రోగ్రాం దాన్నే జిప్ పేరుతో దాచింది. కాబట్టి సర్వర్ 200, అంటే ‘సరే’, అని జవాబిస్తేనే ఫైలు రాయాలని ప్రోగ్రాంలో షరతు పెట్టండి.

సైజు సరిపోయినా చెక్‌సమ్ చూడాలి. అంటే ఫైలులోని అంకెలన్నిటి నుంచి కట్టే వేలిముద్ర లాంటి విలువ. కేటలాగ్‌లో ప్రతి ఉత్పత్తికీ ఎండీ5 అనే రకం చెక్‌సమ్ విలువ ఉంటుంది. విండోస్‌లో సర్ట్‌యుటిల్ కమాండ్‌కు హ్యాష్‌ఫైల్ అనే ఆప్షన్ పెట్టి, ఫైలు పేరు, చివర ఎండీ5 అని ఇస్తే మీ ఫైలు విలువ చూపిస్తుంది. రెండూ అక్షరం అక్షరం కలవాలి. కలవకపోతే బాగుచేసే ప్రయత్నం వద్దు, తీసేసి మళ్లీ దించండి. సగం చెడిన ఫైల్లో ఒక బ్యాండు (ఒక్కో రంగు కాంతికి విడిగా ఉండే పొర) బాగానే తెరుచుకుని, ఇంకో బ్యాండు కింది భాగంలో సున్నాలుంటాయి. ఆ సున్నాలు మ్యాపులో ‘పంట లేదు’ అని కనిపిస్తాయి.

లైను నెమ్మదిగా ఉన్నవాళ్లు ఎస్3 దారిలో కావలసిన బ్యాండ్లే తెచ్చుకోవచ్చు. పంట పచ్చదనానికి బీ4 (ఎరుపు), బీ8 (కంటికి కనిపించని సమీప పరారుణ కాంతి), ఎస్‌సీఎల్ పొర (ప్రతి పిక్సెల్ పంటో మబ్బో నీరో చెప్పేది), మెటాడేటా ఫైలు (చిత్రం వివరాలుండేది) చాలు. అలా విడిగా తెచ్చినప్పుడు మొత్తం ఉత్పత్తి ఎండీ5 పనికిరాదు. ఒక్కో ఫైలు సైజును సర్వర్ జాబితాలోని సైజుతో పోల్చుకోండి. మెటాడేటా ఫైలు వదిలేయకండి. అందులో సెన్సర్, జియోమెట్రీ, రేడియోమెట్రీ నాణ్యతకు ‘పాస్డ్’ లేదా ‘ఫెయిల్డ్’ అని రాసి ఉంటుంది. ఒక్కటి ఫెయిల్ అయినా ఆ తేదీని పక్కన పెట్టండి.

ఆ వెయ్యి సంగతి

అందరినీ ఎక్కువగా ముంచే తప్పు ఇదే, కాస్త నిదానంగా చదవండి. సెంటినెల్–2 పిక్సెల్‌లో ఉండే అంకెను 10000తో భాగిస్తే నేల ఎంత కాంతిని తిప్పికొట్టిందో వచ్చేది. 2022 జనవరి 25న ప్రాసెసింగ్ బేస్‌లైన్ 04.00 (చిత్రాలు తయారుచేసే పద్ధతి వెర్షన్ నంబరు) అమల్లోకి వచ్చినప్పటినుంచి ప్రతి అంకెకు 1000 కలిపి ఇస్తున్నారు. కాబట్టి ముందు 1000 తీసి, ఆ తర్వాత భాగించాలి.

తీయకపోతే ఏమవుతుందో ఒక వరి పిక్సెల్‌తో చూడండి. బీ4లో 1400, బీ8లో 4000 ఉన్నాయనుకుందాం. ఎన్‌డీవీఐ, అంటే పచ్చదనం కొలిచే అంకె, రెంటి తేడాను రెంటి మొత్తంతో భాగించడం. నేరుగా వేస్తే 2600ను 5400తో భాగించాలి, 0.48 వస్తుంది. వెయ్యి తీసేస్తే 400, 3000 మిగులుతాయి. 2600ను 3400తో భాగిస్తే 0.76. అదే చేను, అదే రోజు. ఒక లెక్కలో దుబ్బు కట్టి పచ్చగా ఉంది, ఇంకో లెక్కలో సగం ఎండింది.

చిత్రం తీసిన తేదీ చూసి వెయ్యి తీయాలా వద్దా అని తేల్చుకోకండి. 2022కు ముందు చిత్రాలను కూడా కొత్త బేస్‌లైన్‌తో మళ్లీ తయారుచేసి పెట్టారు, వాటిలోనూ వెయ్యి కలిసే ఉంటుంది. ఫైలు పేరులో ఎన్ అక్షరం పక్కన నాలుగు అంకెలుంటాయి, అదే బేస్‌లైన్. 0400, ఆపైన ఉంటే తీయాలి. మెటాడేటాలో ‘బీఓఏ యాడ్ ఆఫ్‌సెట్’ అనే గడిలో మైనస్ 1000 అని కూడా ఉంటుంది. తిత్లీ తుపాను అక్టోబరు 2018లో వచ్చింది. అప్పటి పచ్చదనాన్ని ఇప్పటితో పోల్చాలనుకునేవాళ్లు ఇది చూసుకోకపోతే లేని నష్టం చూపించగలరు, ఉన్న నష్టాన్ని దాచేయగలరు.

ఇక్కడే ఇంకో రెండు గుంటలున్నాయి. ఇవే చిత్రాలను లెక్కకట్టి ఇచ్చే ఆన్‌లైన్ సేవ సెంటినెల్ హబ్ మామూలుగా ఆ వెయ్యిని తనే సర్దేస్తుంది. గూగుల్ వారి అలాంటి సేవ ఎర్త్ ఇంజన్‌లో ‘హార్మొనైజ్డ్’ అని పేరున్న సేకరణలోనూ సర్దే ఉంటుంది. అక్కడ మీరు మళ్లీ తీస్తే తప్పు ఎదురు దిశలో జరుగుతుంది. రెండోది, పిక్సెల్ అంకెలు మైనస్ గుర్తు పట్టని 16 బిట్ల రకం. 900 నుంచి 1000 తీస్తే మైనస్ 100 రావాలి, ఆ రకంలో 65436 వస్తుంది. తీసేముందే దశాంశ రకంలోకి మార్చుకోండి. సున్నా అంటే డేటా లేదని, దాన్నుంచి ఏమీ తీయకూడదు.

సరిగ్గా జరిగిందో లేదో తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. బాగా పెరిగిన పచ్చి వరిలో బీ4 విలువ 0.02 నుంచి 0.05 దాకా ఉంటుంది. 0.12, 0.14 కనిపిస్తే వెయ్యి ఇంకా అందులోనే ఉంది.

మబ్బు శాతాన్ని నమ్మి మోసపోవద్దు

కేటలాగ్ చూపే మబ్బు శాతం 110 కిలోమీటర్ల టైలు మొత్తానిది. 15 శాతమే ఉన్నా ఆ మబ్బంతా మహేంద్రగిరి మీద, దాని పక్క లోయల మీదే ఉండవచ్చు. 60 శాతం ఉన్న రోజున మీ పల్లం భూములు తేటగా కనిపించవచ్చు. శాతం చూసి వడపోసేస్తే జులై నుంచి సెప్టెంబరు దాకా మీ చేతికి దాదాపు ఏమీ మిగలదు. శాతం హద్దును 80 దాకా వదిలి, మీ ఊళ్ల పరిధిలో ఎస్‌సీఎల్ పొరతో లెక్కించండి. అందులో 3 మబ్బు నీడ, 8, 9 మబ్బు, 10 పల్చని మబ్బు పొర. వీటిని తీసేసి, మబ్బు అంచు చుట్టూ 100 నుంచి 200 మీటర్లు అదనంగా కోసేయండి. అంచుల్లోనే పొర తడబడుతుంది.

ఎస్‌సీఎల్ 20 మీటర్లది, బీ4, బీ8 10 మీటర్లవి. ఒకే కొలతకు తెచ్చేటప్పుడు ‘నియరెస్ట్ నైబర్’ (దగ్గరి పిక్సెల్ విలువనే ఉన్నదున్నట్టు తీసుకునే) పద్ధతే వాడాలి. సగటు తీసే పద్ధతి వాడితే 4 అంటే పంట, 8 అంటే మబ్బు కలిసి 6 అవుతుంది. 6 అంటే నీళ్లు. పంటకీ మబ్బుకీ మధ్య లేని చెరువు పుడుతుంది!

మన ప్రాంతంలో ఈ పొర పొరబడే చోట్లు ముందే తెలుసుకోండి. ఎండిన వంశధార ఇసుక, కొత్త రేకుల కప్పులు తెల్లగా మెరిసి మబ్బు అనిపించుకుంటాయి. ఎన్ని తేదీలు మారినా మబ్బు ఒకేచోట ఉంటే అది మబ్బు కాదు. డిసెంబరు, జనవరిలో సూర్యుడు కిందుగా ఉండటంతో కొండ పడమటి, ఉత్తరపు వాలుల నీడలు నీళ్లలా పడతాయి. ఎందుకంటే ఉపగ్రహం ఇటుగా వెళ్లేది ఉదయం పదిన్నర ప్రాంతంలో, అప్పుడు సూర్యుడు ఆగ్నేయంలో ఉంటాడు.

మబ్బు తెరిపి ఇవ్వకపోతే సెంటినెల్–1 రాడార్ ఉంది, దానికి మబ్బు అడ్డం కాదు. అయితే రాడార్‌లో వరద నీరూ నలుపే, ఊడ్పులకు నిలబెట్టిన మడి నీరూ నలుపే, కొండ వెనుక నీడా నలుపే. వరద అని రాసేముందు వరదకు ముందు తేదీతో పోల్చండి, రెండు తేదీలూ ఒకే కక్ష్యవి, ఒకే దిశవి కావాలి.

84 డిగ్రీల గీత

ఇది మనకే ఉన్న చిక్కు. భూమిని జోన్లు అనే నిలువు పట్టీలుగా విడగొట్టే యూటీఎం మ్యాపు పద్ధతిలో 84 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర 44వ జోను ముగిసి 45వది మొదలవుతుంది. రాయగడ, గుణుపురం, కాశీనగర్ 44లో పడతాయి. పర్లాకిమిడి గీత దాటి 45లో ఉంది. గజపతి జిల్లా రెంటి మీదా పరుచుకుంది. గీతకు ఇరుపక్కలా కొంత మేర రెండు జోన్ల టైళ్లూ అదే నేలను కప్పుతాయి. రెంటినీ కూడితే అక్కడి ఎకరాలు రెండుసార్లు లెక్కకొస్తాయి.

రెండు జోన్ల పిక్సెల్ గళ్లు కూడా ఒకదానితో ఒకటి అతకవు. ఈ అక్షాంశం దగ్గర ఒకదానికొకటి దాదాపు 2 డిగ్రీలు తిరిగి ఉంటాయి. అందుకని మొదటి రోజే ఒక జోనును ఎంచుకుని, అంటే పని ఎక్కువగా గుణుపురం వైపైతే ఈపీఎస్‌జీ 32644 (44వ జోనుకు మ్యాపు ప్రోగ్రాముల్లో ఉండే కోడ్), అన్నీ అందులోకే తెచ్చుకోండి. రిజిస్టరులో రాసిపెట్టుకోండి, మధ్యలో మార్చవద్దు. తర్వాత తేదీలు మార్చిమార్చి తెరమీద గొట్టా బ్యారేజీ గోడ కదులుతోందా చూడండి. కదలని కట్టడం కదిలిందంటే చిత్రమైనా పక్కకు జరిగింది, మీ జోను మార్పిడైనా తప్పింది.

చేను ఎంత, పిక్సెల్ ఎంత

10 మీటర్ల పిక్సెల్ అంటే 100 చదరపు మీటర్లు. అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఒడిశా పట్టాలో డెసిమల్ అన్నా మన సెంటు అన్నా ఒకటే, ఎకరంలో నూరో వంతు, 40.47 చదరపు మీటర్లు. 20 డెసిమల్ మడి మొత్తం 8 పిక్సెళ్లు. అందులో గట్టు, పక్క మడి, తాడిచెట్టు నీడ కలవనివి ఒకటో రెండో మిగులుతాయి. ఇలాంటి మడికి విడిగా అంకె ఇవ్వవద్దు, రైతు ఎంత బతిమాలినా సరే. పక్కపక్క మడులను కలిపి ఒక తుండుగా చూపండి. హద్దు నుంచి లోపలికి 10 మీటర్లు వదిలేశాక కనీసం 10 పిక్సెళ్లైనా మిగిలితేనే అంకె ఇవ్వండి.

నేలమీద సరిచూడటం

మ్యాపు గీసినవాళ్లే సరిచూడకూడదు. ఏది వరి, ఏది కాదు అని ప్రోగ్రాంకు నేర్పడానికి వాడిన పాయింట్లతోనే (నేలమీద చూసి నమోదు చేసిన చోట్లతోనే) పరీక్ష పెట్టకూడదు. ఒక్కో రకానికి 50 చొప్పున కొత్త పాయింట్లు కావాలి. రోడ్డు పక్కనే కాకుండా గెడ్డ వెంబడి మడుల్లో, మెరకల మీద చోళ్లలో, జీడితోటల్లో, పోడులో కూడా పడాలి. ఫోన్ జీపీఎస్ తెరిపి నేలలో 3 నుంచి 5 మీటర్లు తప్పుతుంది, చెట్ల కింద ఇంకా ఎక్కువ. గట్టు మీద కాకుండా మడి నడుమకు వెళ్లి, ఒక నిమిషం ఆగి పాయింట్ తీసుకోండి.

ఉదాహరణకు 50 వరి పాయింట్లలో మ్యాపు 44ను పట్టింది, 6 వదిలేసింది. 50 వరి కాని పాయింట్లలో 9ని వరి అంది. మొత్తం మీద 85 శాతం సరి. ఉన్న వరిలో పట్టింది 88 శాతం, వరి అని చెప్పినవాటిలో నిజమైనది 83 శాతం. మూడు అంకెలూ ఇవ్వండి. ఆ తర్వాత వదిలేసిన ఆ 6 ఎక్కడున్నాయో చూడండి. ఆరూ కొండ కింద గెడ్డ మడులే అయితే, 85 శాతం అనే అంకె అక్కడి సవర రైతులకు పనికిరాదు. అక్కడ విడిగా పాయింట్లు తీసి, విడిగా నేర్పాలి.

పాయింట్లతోపాటు రైతు పేరు, ఫోన్ నంబరు తీసుకుంటారు. వాటిని వేరే ఫైల్లో, తాళం పెట్టి ఉంచండి. మ్యాపులో కోడ్ మాత్రమే ఉండాలి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం సమ్మతి అడగమంటుంది. సమ్మతి మాటను వాళ్లకొచ్చే భాషలో, తెలుగో ఒడియానో సవరనో, చదివి వినిపించాకే వేలిముద్రో సంతకమో అడగండి. ఊరి పేర్లు మూడు భాషల్లో మూడు రకాలుగా పడతాయి కాబట్టి కలపడానికి పేరు వాడకండి, ఎల్‌జీడీ కోడ్ (ప్రతి ఊరికీ ప్రభుత్వం ఇచ్చిన నంబరు) వాడండి. సీఎస్‌వీ ఫైలును ఎక్సెల్‌లో నేరుగా తెరిస్తే తెలుగు, ఒడియా అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. దిగుమతి దారిలో యూటీఎఫ్–8 ఎంచుకోండి. పిచ్చిగీతలతో ఒకసారి సేవ్ చేస్తే పాత అక్షరాలు తిరిగి రావు.

చివరికి రిజిస్టరు. ఒక్కో చిత్రానికి ఒక వరస: పూర్తి ఫైలు పేరు, బేస్‌లైన్, ఎవరి ఖాతాతో ఎప్పుడు దించారు, ఎండీ5 కలిసిందా, వెయ్యి తీశారా లేక వేదికే సర్దిందా, మీ పరిధిలో మిగిలిన తేట పిక్సెళ్ల శాతం, జోను, సరిచూసినవాళ్ల పేరు. దించినవాళ్లు, సరిచూసినవాళ్లు వేర్వేరు మనుషులై ఉండాలి. ఏ గడైనా ఖాళీగా ఉంటే ఆ చిత్రం నుంచి వచ్చిన అంకె బయటికి వెళ్లకూడదు. ఇచ్చేసిన అంకెలో తర్వాత తప్పు బయటపడితే పాత మ్యాపును తుడిచేయకండి. దాని మీద ‘రద్దు’ అని రాసి, తేదీ, కారణం వేసి, కొత్త మ్యాపుకు కొత్త నంబరిచ్చి, పాతది అందుకున్న ప్రతి ఊరికీ అదే వారంలో కబురు పంపండి.